చేదు మేస్త్రి నాలుక

పోయిన వారం మిమ్మల్ని మైదానంలో గాజుపెంకుల మధ్య నిలబెట్టి వెళ్ళిపోయాను. కాళ్ళకి చెప్పులు ఉండే ఉంటాయని నమ్మకం. జాగ్రత్తగా అడుగు తీసి అడుగు వేస్తూ రండి, పెంకులు ఎందుకు పడ్డాయో ఒకసారి చూసుకుని టెంటులోకి వెళదాం.

మా ఊరి వేసవి ఉత్సవంలో ఏడుగురు ఏడు పీపాల బీరు పెడతారు. ఫ్యాక్టరీ సరుకు కాదు, ఎవరి కాగులో వాళ్ళు, ఎవరి చేత్తో వాళ్ళు కాచుకున్నది. వాటిని తెరవడానికి ఒక వరుస ఉంది. చేదు తక్కువది ముందు, చేదు ఎక్కువది చివర. అది తలకిందులైతే ఉత్సవమూ తలకిందులే. గట్టి చేదు రుచి చూసిన నాలుకకి ఆ తర్వాత అమృతం పోసినా గిన్నెలు కడిగిన నీళ్ళలాగే ఉంటుంది. ఆ వరుస పేర్చే పెద్దరికం పంతొమ్మిదేళ్ళుగా మా బావది. ఊరు ఆయనకి పెట్టిన పేరు చేదు మేస్త్రి. ఏడో పీపా, అంటే అన్నిటికంటే చేదుది, ఏటా ఆయనదే.

ఈసారీ అదే పెట్టాడు. జనం ఆరు పీపాలు దాటుకుని, ఏడో గ్లాసు ఎత్తి, అలవాటుగా కళ్ళు గట్టిగా మూసుకుని తాగారు. తాగి, కళ్ళు తెరిచారు. నీళ్ళు! నురగ పెట్టుకున్న నీళ్ళు!

“మేస్త్రీ, ఇది బీరా, గ్లాసులు కడిగినదా?” అని వంతెన పక్క హోటలామె అడిగింది. మైదానం మొత్తం నవ్వింది. మా బావ తనూ ఒక గుక్క తాగాడు. జేబులోంచి ఒక ఎండు పువ్వు తీసి నమిలాడు. పదిమందీ వినేలా, “పువ్వుల్లో పస లేదు. పూల రైతు నాకు పాత సరుకు అంటగట్టాడు. ఐదింటికి స్టేజీ ఎక్కి మైకులో చెప్తాను” అన్నాడు. వెనకాల ఆయన కూతురు చేతిలోంచి గ్లాసుల ట్రే కింద పడింది. ఆ పెంకులే ఇవి.

ఇక నా సంగతి. నేను మేస్త్రికి బావమరిదిని. ఏడాదంతా బోర్డులు రాస్తాను, ఉత్సవం రోజు మాత్రం పీపా దగ్గర కుళాయి తిప్పుతాను. మాది బీరకాయ పీచు చుట్టరికం కాదు, అచ్చమైన బీరు చుట్టరికం.

*

టెంటులో మూడున్నర ఎండ గుడ్డలోంచి కారుతోంది. ఒక మూల ఖాళీ పీపాలు, వాటిమీద ఆరేసిన తడి తువ్వాళ్ళు. ఇంకో మూల మంచు కరిగిపోయిన తొట్టి. మా అక్క బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, మిగిలిన గ్లాసుల్ని ఒక్కొక్కటే తుడుస్తోంది. ఏదైనా ఉపద్రవం వస్తే మా అక్క ముందుగా ఏదో ఒకటి తుడుస్తుంది. ఆమె పెళ్ళిరోజున కూడా మా ఇంట్లో కిటికీలు మెరిశాయి.

నా మేనకోడలు రబ్బరు బూట్లతో తండ్రికి అడ్డంగా నిలబడింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. నాలుగేళ్ళుగా కాగు దగ్గర తండ్రికి చేదోడు. చేదు మేస్త్రికి చేదోడు, అని నేను ఎప్పుడూ అనే మాట. ఇవాళ మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పిల్ల మొహం అలా ఉంది.

“నాన్నా, పూల బాబాయిని ఏమీ అనకు.”

“అనక? నలుగురిలో నా మొహాన నీళ్ళు కొట్టించాడు. నేను మాత్రం ఆయనకి పూలదండ వెయ్యాలా?”

“ఏడుగురికీ పువ్వులిచ్చేది ఆయన ఒక్కడే. నువ్వు మైకులో ఆ మాటంటే రేపటి నుంచి ఆయన తోట వైపు ఎవరూ పోరు. కొండవాలు మీద ఆ తీగలు తప్ప ఆయనకి ఇంకేముంది?”

ఇక్కడ పువ్వుల గురించి ఒక్క మాట. బీరుకి చేదు ఊరికే రాదు. ఒక తీగకి పూసే ఆకుపచ్చ పువ్వు ఇస్తుంది దాన్ని. హాప్స్ అంటారు. బొటనవేలంత ఉంటుంది, ఉల్లిపాయలా పొరలు పొరలుగా. ఎండబెట్టి బస్తాల్లో పంపుతారు. బార్లీ రసం కాగులో మరిగేటప్పుడు వేస్తారు. ఎంత వెయ్యాలో పుస్తకం ఒకటి చెప్తుంది, నాలుక ఒకటి చెప్తుంది. మా బావ ఎప్పుడూ నాలుక మాటే విన్నాడు. పువ్వు నమిలి చూసి, ఇంత అని చేత్తో చూపిస్తాడు. ఆయన చూపించింది తరవాత తూకం వేస్తే, రాసి పెట్టుకున్న లెక్కకి పిసరు తేడా ఉండేది కాదు.

“ఇరవయ్యేళ్ళ స్నేహం బావా” అన్నాను నేను. “తాగినవాళ్ళు బీరాలు పలుకుతారంటే అర్థముంది. కాచినవాడివి, నువ్వు కూడానా?”

“నువ్వు ఊరుకోరా బావమరిదీ. సగం నోరు వాచినా నీ మాటలకి వాపు తగ్గలేదు.”

నిజమే, వాచింది. ఆ రోజు పొద్దున్నే నేను పన్ను పీకించుకుని వచ్చాను. సర్కారు పన్ను వేస్తే ఏడుస్తాం, డాక్టరు పన్ను తీస్తే ఏడుస్తాం. ఇంజెక్షన్ మొద్దుతనం ఇప్పుడిప్పుడే వదులుతోంది. పొద్దున పది గంటలకైతే నా నోరు నాది కాదు, ఎవరిదో అద్దెకి తెచ్చుకున్నట్టు ఉంది.

మేనకోడలు ఒక ఊపిరి తీసుకుంది. బూటుతో నేలమీది గడ్డిని ఒకవైపుకి రాసింది.

“నాన్నా, పువ్వులు పాతవి కావు. పువ్వులు తక్కువ పడ్డాయి. తీసేసింది నేను.”

మా అక్క చేతిలో తువ్వాలు ఆగింది.

“ఏం తీసేశావు?”

“నువ్వు కాగు పక్కన పువ్వులు కొలిచి పెట్టి, మెట్లు దిగి మంట చూడ్డానికి వెళ్తావు కదా. ఆ రెండు నిమిషాల్లో తీసేస్తాను. పుస్తకంలో ఉన్నంత ఉంచి మిగతాది సంచిలో వేసేస్తాను. చలికాలం నుంచీ అంతే.”

“చలికాలం నుంచీ?”

“నీకు జ్వరం వచ్చి తగ్గాక. మొదటి కాగుకే గుప్పెడు ఎక్కువ వేశావు. రెండోదానికి రెండు గుప్పిళ్ళు. ఆ బీరు నేను తాగి చూశాను నాన్నా, నాలుక గీరుకుపోయింది. నువ్వేమో చప్పగా ఉందన్నావు. అప్పట్నుంచి నువ్వు వెయ్యడం, నేను తియ్యడం.”

టెంటు బయట ఎవరో పిల్లనగ్రోవి శ్రుతి చేసుకుంటున్నారు. ఒకటే స్వరం, మళ్ళీ మళ్ళీ తప్పుతోంది.

మా బావ కోప్పడతాడనుకున్నాను. పీపాలు తంతాడనుకున్నాను. ఆయన ఆ రెండూ చెయ్యలేదు. కూతురి వంక కాసేపు చూశాడు. తరవాత పెదవి చివర కదిలింది. ఆ తరవాత మొహమంతా విచ్చుకుంది. రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. నా పన్ను లేని చోటు భగ్గుమంది.

“అయితే నా నాలుక బాగానే ఉందిరా! విన్నావా? ఇది తీసేసింది కాబట్టే నాకు చేదు తగల్లేదు! లేని చేదు ఎవడికి తగులుతుంది? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇదిగో, నా ఇంట్లోనే, నా బూట్లే వేసుకుని తిరుగుతోంది దొంగ!”

ఆయన నవ్వుతున్నాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. దొంగని పట్టుకుని ఇంత సంబరపడ్డ మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఊళ్ళో పరువు పోయినా ఫరవాలేదు, కూతురు మోసం చేసినా ఫరవాలేదు, ఒక్క నాలుక ఉంటే చాలు. ఆ ఒక్క క్షణం ఆ మనిషిని చూస్తే, అది నిజం కాకూడదా అని నాకూ అనిపించింది.

మేనకోడలు నవ్వలేదు. “నాన్నా, నేను తీసేసిన బీరే కదా చలికాలమంతా ఊరు తాగింది. అందరూ ఏమన్నారు? మేస్త్రి చెయ్యి మారలేదన్నారు. ఎప్పటి చేదే అన్నారు. చప్పగా ఉన్నది నీ ఒక్కడికే.”

“వాళ్ళకేం తెలుసు?”

“పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళకి తెలిసిందే కదా నిన్ను మేస్త్రిని చేసింది!”

ఇద్దరి గొంతులూ లేచాయి. ఆయన నువ్వు నా కాగులో చెయ్యి పెట్టావంటాడు. ఆ పిల్ల, నీ పేరు నిలబెట్టడానికే పెట్టానంటుంది. నా పేరు నేను నిలబెట్టుకోలేనా అని ఆయన. నిలబెట్టుకో, ఇవాళ ఏమైందో చూశాం కదా అని ఆ పిల్ల. అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే మాట వెళ్ళిపోయింది. నరం లేని నాలుక అని ఊరికే అన్నారా?

మా అక్క గ్లాసు పక్కన పెట్టి లేచింది. స్టాలు ముందు జనానికి చూపించడానికి నోరు తెరిచి పెట్టిన పూల బస్తా, టెంటు గుమ్మం దగ్గరే ఉంది. అందులో చెయ్యి పెట్టి గుప్పెడు పువ్వులు తీసింది. భర్త దగ్గరికి వచ్చి దోసిట్లో పోసింది.

“వాదన ఎందుకండీ? నమలండి.”

“ఇన్నా?”

“పిల్ల వీటిలోంచి ఏమీ తియ్యలేదు కదా. ఉన్నదున్నట్టుంది. నమలండి.”

గుప్పెడు హాప్స్ నమలడమంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. మామూలు మనిషి ఒక్క పువ్వు కొరికితే మొహంలో ఉన్నవన్నీ మధ్యలోకి పరిగెత్తుకొస్తాయి. గుప్పెడంటే మొహాన్ని మళ్ళీ మామూలుగా పేర్చుకోవడానికి ఒక పూట పడుతుంది.

బావ నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. దవడలు కదులుతున్నాయి, పొడి ఆకుల చప్పుడు వినపడుతోంది. కళ్ళు మాత్రం నా మొహం మీద ఉన్నాయి.

నా మొహం మీద ఎందుకు? పువ్వులు పోసింది అక్క. నిలదీసింది కూతురు. నేను ఊరికే దవడ పట్టుకుని నిలుచున్నవాణ్ణి. అయినా ఆయన నన్నే చూస్తున్నాడు. దారి తప్పినవాడు కూడలిలో బోర్డు చూసినట్టు, ఏదో రాసి ఉంటుందన్నట్టు చూస్తున్నాడు.

అప్పుడు తట్టింది నాకు.

చలికాలం నుంచీ, ఎప్పుడు కాగు దించినా, ఎప్పుడు పీపా తెరిచినా, బావ నన్ను పిలుస్తున్నాడు. “రారా, మొదటి గుక్క నీదే” అంటున్నాడు. నాకు మర్యాద పెరిగిందని పొంగిపోయాను. ఇన్నేళ్ళకి బావమరిది విలువ తెలిసిందని ఇంట్లో చెప్పుకున్నాను కూడా. నేను తాగి మొహం చిట్లించేవాణ్ణి. ఆయన నా మొహం చూసి, ఆ తరవాత తను తాగి, “బాగుంది, గట్టిగానే ఉంది” అనేవాడు. ఇవాళ పొద్దున కూడా మొదటి గుక్క నాకే ఇచ్చాడు. ఇంజెక్షన్ ఇచ్చిన నోటితో తాగాను. నాకేమీ తెలియలేదు, నా మొహమూ ఏమీ చెప్పలేదు. మిగిలిన ఆరింటినీ రంగు చూసి, వాసన చూసి, ఎవరి చెయ్యి ఎలాంటిదో గుర్తు తెచ్చుకుని సర్దేసి ఉంటాడు. తనదాని దగ్గరికి వచ్చేసరికి పంతొమ్మిదేళ్ళ అలవాటు మీద ఏడో చోట పెట్టేశాడు.

“బావా” అన్నాను. “నువ్వు రుచి చూస్తున్నది బీరు కాదు. నా మొహం.”

ఆయన నమలడం ఆపాడు.

ఊరందరికీ తలలో నాలుకలా ఉండేవాణ్ణని నాకు పేరు. ఒకరి నోట్లో నాలుకగా ఉన్నానన్న సంగతి ఆ నిమిషం దాకా తెలియదు. మరో రోజైతే ఈ మాట మీద నేను గంటసేపు ఆడుకునేవాణ్ణి. ఆ రోజు నా నోటికి రాలేదు.

బావ పువ్వుల పిప్పిని తువ్వాలులో ఊసి, తువ్వాలు జాగ్రత్తగా మడిచాడు. వెళ్ళి ఒక ఖాళీ పీపా మీద కూర్చున్నాడు. అక్క నీళ్ళ గ్లాసు ఇచ్చింది. తాగలేదు, పట్టుకుని కూర్చున్నాడు.

“ఎండు గడ్డి” అన్నాడు. “చేదు దాకా వెళ్ళడం లేదు. గుమ్మం దగ్గరే ఆగిపోతోంది.”



“జ్వరం తగ్గిన మొదటి రోజు పొద్దున కాఫీ తాగాను. పాలు, చక్కెర తెలిశాయి. కాఫీ తెలియలేదు. నోరు ఇంకా బాగవలేదులే అనుకున్నాను. వారం చూశాను. నెల చూశాను. మాత్ర నమిలి చూశాను, సుద్దముక్క. ఇప్పుడు నాకు అన్నీ తియ్యగా ఉంటాయి. పొద్దుట్నుంచి పడుకునేదాకా తీపి. తీపంటే మంచిదనుకుంటారు గానీ, అడ్డు చెప్పేది లేకపోతే అది వెగటు. మాటకి మాట చెప్పేవాళ్ళు లేని ఇంట్లో ఉన్నట్టుంటుంది.”

“ఒక్కసారి మాకు చెప్పి ఉంటే ఏం పోయేదండీ?” అంది అక్క. గొంతులో కోపం లేదు. అందుకే గట్టిగా తగిలింది.

“ఏం చెప్పను? చేదు మేస్త్రికి చేదు తెలియదని చెప్పనా? కుంటివాడికి పరుగు పందెం పెద్దరికం ఇచ్చినట్టు? పేరులో ఉన్నది ఒక్కటే మాట. అదీ పోతే మేస్త్రి మిగులుతాడు. దేనికి మేస్త్రి?”

మేనకోడలు వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కాసేపటి క్రితం అరిచిన గొంతేనా అన్నట్టు మెల్లిగా మాట్లాడింది.

“ఈ పీపాకి నువ్వు పువ్వులు రెండింతలు వెయ్యమన్నావు. నేను సగం తీసేశాను. పుస్తకం లెక్కే ఉంచాను అనుకున్నాను. నీళ్ళలా ఎందుకొచ్చిందో నాకూ అర్థం కాలేదు. తొందరలో గుప్పెడు ఎక్కువ లాగేశానేమో. తప్పు నాది నాన్నా. పూల బాబాయిది కాదు.”

బావ నీళ్ళ గ్లాసులోకి చూస్తున్నాడు. “ఈ బస్తా విప్పినప్పుడు మాత్రం నాకు ఏదో తేడా అనిపించిందమ్మా. పస లేదనిపించింది. మిగతాసార్లు భయంతో ఎక్కువ వేశాను, ఒప్పుకుంటాను. ఈసారి తెలిసే వెయ్యమన్నాను.”

“ఎలా తెలిసింది? నాలుక లేదని ఇప్పుడే అన్నావు. పువ్వు మీద సాక్ష్యం ఎలా చెప్తావు? కళ్ళు లేనివాడు దొంగ వీడేనని చూపిస్తే పోలీసులు ఒప్పుకుంటారా?”

ఆ మాటకి ఆయన జవాబు వెతుక్కున్నాడు. మొహంలో కనపడింది ఆ వెతుకులాట. కాసేపటికి మానేశాడు. కూతురి తలమీద చెయ్యి వేసి, పీపా మీద నుంచి లేచాడు.

“నిజమే. భ్రమ అయి ఉంటుంది. చెవుడు వచ్చినవాడికి ఎవరో పిలిచినట్టు అనిపిస్తుందట. అలాంటిదే.”

“ఇప్పుడేం చేస్తారు?” అంది అక్క.

“ఐదింటికి మైకు పట్టుకుంటానని చెప్పాను. మాట తప్పకూడదు. చెప్పే మాట మారుతుంది, అంతే.”

*

ఉత్సవ కమిటీ అధ్యక్షుడు గడియారాలు బాగుచేసే మనిషి. ఐదంటే ఐదు. నాలుగూ యాభై తొమ్మిదికి మైకు మీద రెండుసార్లు తట్టి, ఐదు కొట్టగానే బావ చేతిలో పెట్టాడు.

మైదానం నిండా జనం. ఆరుగురు కాచేవాళ్ళూ ఒకవైపు వరుసగా నిలబడ్డారు, హోటలామె అందరికంటే ముందు. పూల రైతు స్టేజీకి దగ్గర్లోనే ఉన్నాడు. సన్నగా, ఎత్తుగా, తన తోటలో తీగకి ఊతగా పాతే వాసంలాంటి మనిషి. ఇందాక బావ అన్న మాట ఆయన చెవిని పడే ఉంటుంది. చుట్టూ నాలుగడుగుల ఖాళీ. ఇంకా ఎవరూ ఏమీ అనలేదు, అప్పుడే జనం కొంచెం కొంచెంగా జరిగిపోయారు. ఒక్క మాటకి ఎంత వెడల్పుందో ఆ ఖాళీని చూస్తే తెలిసింది. ఆ మాటని మైకు ఇంకెంత వెడల్పు చేస్తుందో ఊహించుకోండి.

నేను స్టేజీ మెట్ల దగ్గర నిలబడ్డాను. పక్కన అక్క, ఆమె పక్కన మేనకోడలు. ఆ పిల్ల తన చేతిని తనే నలుపుకుంటోంది.

“ఇందాక ఒక మాటన్నాను” అన్నాడు బావ. మైకు కీచుమంది. కొంచెం దూరంగా పట్టుకున్నాడు. “పువ్వుల్లో పస లేదన్నాను. పాత సరుకన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.”

జనంలో కలకలం.

“పస లేనిది పువ్వుల్లో కాదు, నా నాలుకలో. చలికాలం జ్వరంలో పోయింది. తీపి తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. చేదు తెలియదు. ఇవాళ నేను పేర్చిన వరుస నాలుకతో పేర్చింది కాదు, అలవాటుతో పేర్చింది. పంతొమ్మిదేళ్ళు నన్ను నమ్మారు. ఈ ఏడాది నమ్మి మోసపోయారు. తప్పు నాది. నోట్లో నాలుక లేనివాడని అంటారు చూడండి, నెమ్మదస్తుడు అని మెచ్చుకుంటూ. ఇక నన్ను ఆ అర్థంలో అనుకోండి.”

నవ్వాలో వద్దో జనానికి తెలియలేదు. నాకు తెలుసు. ఆ మాట నాది, ఎప్పుడో ఆయన మీదే విసిరింది. దాన్ని ఇవాళ ఆయన తనే తన మీద వేసుకున్నాడు.

హోటలామె రెండు చేతులూ ముందుకు చాపి, గట్టిగా ఒక చప్పట కొట్టింది. తరవాత ఇంకొకటి. ఇందాక నవ్వు మొదలుపెట్టింది ఆవిడే, ఇప్పుడు చప్పట్లూ ఆవిడే మొదలుపెట్టింది. మైదానం అందుకుంది. బావ తల దించుకుని నిలబడ్డాడు. పూల రైతు చుట్టూ ఉన్న ఖాళీ మెల్లిగా పూడుకుంది. ఎవరో ఆయన భుజం తట్టారు. ఇంకెవరో చేతిలో గ్లాసు పెట్టారు.

కథ ఇక్కడ ఒడ్డున పడిందని, నేను మనసులో నా బ్రష్షులు కడిగేసుకున్నాను.

పూల రైతు ఆ గ్లాసు తాగలేదు. పక్కనున్నవాడికి ఇచ్చేశాడు. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, మెట్లెక్కి, బావ ఎదురుగా నిలబడ్డాడు. ఆలింగనం చేసుకుంటాడనుకున్నాం. బావ కూడా అలాగే అనుకుని చేతులు కొంచెం ఎత్తాడు. ఆయన బావ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“చప్పట్లు ఆపండి” అన్నాడు.

ఆగాయి.

“ఆయన నాలుక సంగతి ఆయన చెప్పాడు. పువ్వుల సంగతి నేను చెప్పాలి. ఈ వేసవికి మేస్త్రికి నేనిచ్చిన బస్తా రెండేళ్ళ కిందటి కోత. ఈసారి వానకి సగం తోట పోయింది. ఆరుగురికి కొత్తవి సరిపోయాయి. ఏడో బస్తాకి లేవు.”

మా అక్క చేతిలో ఉన్న తువ్వాలు కింద పడిపోయింది.

“మరి నాకే ఎందుకు?” బావ గొంతుకి మైకు లేదు, అయినా వినపడింది.

పూల రైతు ఆయన కళ్ళలోకి చూడలేకపోయాడు. “చలికాలం చివర్లో నువ్వు తోటకొచ్చావు. ఎండబెట్టిన పువ్వు ఇస్తే నమిలావు. బాగుందన్నావు. మొహం మాత్రం చిట్లించలేదు. ఇరవయ్యేళ్ళుగా చిట్లించిన మొహం. అప్పుడే నాకు తెలిసిపోయింది మేస్త్రీ. ఇంకెవరికిచ్చినా పట్టేస్తారు, నీకైతే తెలియదులే అనుకున్నాను. ఇప్పుడు నువ్వే నా తప్పు నెత్తిన వేసుకుంటుంటే నిలబడలేకపోయాను.”

బావ మొహంలోకి రంగు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఏ రంగు దేనికో బోర్డులు రాసే నాకే అంతుపట్టలేదు. తను అన్యాయం చేశాననుకున్న మనిషి తనకి అన్యాయం చేశాడు. తను భ్రమ అని వదిలేసుకున్నది నిజమైంది. రెండూ ఒక్క గుక్కలో మింగాలి.

అంతలో నా పక్కనుంచి రబ్బరు బూట్ల చప్పుడు. మేనకోడలు రెండేసి మెట్లు ఎక్కేసింది. పూల రైతు చేతిలోంచి మైకు లాక్కుంది.

“ఆగండి. ఇంకొకటి ఉంది. పువ్వుల్లో పస లేదని మా నాన్నకి కాచే రోజే అనిపించింది. అందుకే రెండింతలు వెయ్యమన్నాడు. అలాగే వేసి ఉంటే ఏడో పీపా ఏడో పీపాలాగే ఉండేది. ఆయన చూడకుండా సగం తీసేసింది నేను. మీరు తాగిన నీళ్ళు నేను కాచినవి.”

ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది. మైకు ఇంకా నోటి దగ్గరే ఉందని మరిచిపోయింది. అందుకని తండ్రిని ఒక్కణ్ణే అడగాల్సిన ప్రశ్న ఊరందరికీ వినపడింది.

“నాన్నా, గుప్పెడు నమిలినా నీకు గడ్డిలా ఉందన్నావు. నాలుక ఉన్న నేనే ఆ బస్తాని పోల్చుకోలేకపోయాను. నీకెలా తెలిసింది?”

మైదానమంతా నోరు మూసుకుంది.

బావ నోరు తెరిచాడు. అందులోంచి ఏమొచ్చిందో వచ్చే వారం చెప్తాను.